కోసేసిన పదకొండు పంక్తులు

బండి ఆగిపోయింది. ఆగడమంటే స్టేషనొచ్చి మర్యాదగా ఆగడం కాదు, దంతెవాడ దాటాక ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని ఓ చిన్న స్టేషన్లో లూపు లైన్లోకి నెట్టేస్తే చతికిలబడిపోవడం, మళ్ళీ కదిలే ఉద్దేశం ఏ కోశానా లేనట్టు. దేవుడమ్మ కిటికీ ఊచలకి తలానించి ముందుకి చూసింది. సిగ్నలు ఎరుపు. ఎరుపు కాక ఇంకేం ఉంటుందిలే ఇక్కడ, మట్టి ఎరుపు, పట్టాల పక్క కంకర ఎరుపు, ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎరుపు, చివరికి ముక్కు చీదినా ఎరుపే. నాలుగూ పది. సభ ఐదున్నరకి. ఇప్పుడు కదిలితే ముప్పావు గంటలో గని టౌన్‌షిప్పులో ఉంటుంది, ఇంటికెళ్ళి మొహం కడుక్కుని ఆ గంధం రంగు చీర కట్టుకునే టైము కూడా ఉంటుంది. కదిలితే కదా. జగదల్‌పూర్లో పరీక్ష పేపర్లు దిద్దడానికి ఇవాళ ఒక్కరోజు సెలవు పెట్టి ఎగ్గొడితే కొంపలేం మునిగేవి? వెళ్ళింది, ఎందుకంటే చెప్పిన పనికి వెళ్ళడం అలవాటు, తల ఊపడం అలవాటు, నలభై నాలుగేళ్ళుగా అదే అలవాటు. ఎదటి లైను ఖాళీగా పడుకుని ఉంది, ఇనుపరాయి మోసే ఓర్ బండి కోసం. మనుషులున్న బండిని పక్కకి తోసి రాళ్ళున్న బండికి దారివ్వడం ఈ లైను పుట్టినప్పటినుంచీ ఉన్న మర్యాద. రాళ్ళకి విశాఖపట్నంలో ఓడ తప్పిపోతుందట. మనుషులకేం, ఎక్కడికీ తప్పిపోరు.

ఒళ్ళో సంచి, సంచిలో రెండు కాగితాలు. ఒకటి తెల్లటిది, తెలుగు సంఘం గవర్రాజు గారు కంప్యూటర్లో అందంగా కొట్టించి ఇచ్చింది, చుట్టూ పూల అంచు కూడా వేయించాడు మహానుభావుడు. రెండోది బడి నోట్సులోంచి చింపిన గీతల కాగితం, తన చేతిరాత, కొట్టివేతలు, టీ మరక. రెంటిలోనూ ఒకటే పద్యం, కానీ తెల్లకాగితంలో పద్నాలుగు పంక్తులు, గీతల కాగితంలో పాతిక. ఆ తేడా పదకొండు పంక్తులే ఈ వారంరోజులుగా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉన్నాయి. మింగితే దిగవు, కక్కితే రావు. 

పద్యం తనది కాదు, ఎక్కడో దక్షిణాఫ్రికాలో ఖోసా మనుషులది. విశాఖలో ఎమ్మే చదివేటప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర పేవ్‌మెంటు మీద దొరికిన, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకంలోది. కింద కవి పేరు లేదు, చెప్పినవాడెవరో తెలియదని రాశారు. ఖోసా అనడానికి మొదటి అక్షరం నోట్లో చప్పుడు చెయ్యాలని, ఎద్దుల్ని అదిలించేటప్పుడు నాలుక పక్కన చేస్తామే, ఆ చప్పుడని ఆ పుస్తకంలోనే చదివి హాస్టల్ గదిలో అద్దం ముందు గంటలు గంటలు అదిలించింది, రూమ్మేటు పిచ్చిదనుకుంది. వాళ్ళ రాజుల దగ్గర ఇంబోంగి అని ఒకడుంటాడట. తోలు కప్పుకుని, చేత కర్ర పట్టుకుని రాజుకి ముందు నడుస్తాడు, నడుస్తూ గొంతెత్తి, నువ్వు కొండమీది ఆంబోతువి, నువ్వు రంకె వేస్తే వాన పడుతుంది అని పొగుడుతాడు, పొగిడి పొగిడి అదే ఊపిరిలో, జనం పస్తులుంటే నీకు కనపడలేదా, నీ కళ్ళేం అయ్యాయని నలుగురిలో కడిగిపారేస్తాడు. రాజు వినాల్సిందే. కొట్టకూడదు, నోరు మూయించకూడదు. ఆ హక్కు పాటది. ఆ సంగతి చదివినరోజు దేవుడమ్మకి నిద్ర పట్టలేదు. తనకి తెలిసిన పొగడ్తల్లో ఇలాంటిది ఎక్కడుంది? తర్వాత పేజీల్లో మిగతా కథ ఉంది. తెల్లవాళ్ళొచ్చి భూములు లాక్కున్నాక, మగాళ్ళని రైళ్ళెక్కించి బంగారం గనుల్లోకి దింపాక, తమకి నచ్చినవాణ్ణి రాజుగా కూర్చోబెట్టాక, కొందరు ఇంబోంగిలు ఆ బొమ్మరాజుల దగ్గర జీతానికి కుదిరి పొగడ్త సగమే మిగుల్చుకున్నారట. కొందరు తన్నులు తిన్నారు, జైళ్ళకి పోయారు. కొందరు రాజునే వదిలేసి కార్మికుల మీటింగుల్లో నిలబడి పాడారు. రైళ్ళు, గనులు, ఇంట్లో మిగిలిపోయిన ఆడాళ్ళు... ఇదంతా మా లైను సంగతే కదరా దేవుడా అనుకుంది. ఇరవై ఏళ్ళయింది. అప్పట్నుంచీ ఆ పద్యాన్ని తెలుగులోకి తెద్దామని, తెలుగేమో తనకి సగం తెలుగు. ఈ లైన్లో తెలుగు బడి ఎక్కడేడిచింది, అంతా హిందీ. తెలుగు అక్షరాలు రైల్వే కాలనీ చర్చిలో ఆదివారం బడిలో వాక్యాల మీద వేలు పెట్టి నేర్చుకుంది. అందుకే మొదటిసారి రాసినప్పుడు రాజుని ఆలకించుము అంది, చెవియొగ్గుము అంది, చదువుకుని తనే నవ్వుకుంది. చెరిపింది, మళ్ళీ రాసింది. నాన్న మాట్లాడినట్టు రాస్తే తప్ప అది నిలబడలేదు.

నాన్న. భూషణం. కీమేన్ భూషణం అంటే ఈ లైన్లో తెలియనివాళ్ళు లేరు ఒకప్పుడు. శృంగవరపుకోట అవతల పల్లె నుంచి పెట్టె పట్టుకుని వచ్చినవాడు, భుజాన పొడుగాటి పానా, చేతిలో సుత్తి, చంకలో చుట్టిన జెండాలు, రోజూ తెల్లారకుండా పట్టాల వెంట నడక, పట్టాల్ని బిగించే కీ ఊడితే మళ్ళీ కొట్టుకుంటూ. బండొస్తుంటే పక్కకి దిగి నిలబడి పచ్చజెండా చూపించాలి, డ్రైవరు కూతేస్తాడు. సెలవుల్లో అన్నం క్యారియరు పట్టుకెళ్ళి పక్కన నిలబడేది తను. ముందు మూడు ఇంజన్లు, వెనక యాభై ఎనిమిది డబ్బాలు, నిండుగా ఎర్రరాయి, కాళ్ళకింద నేల వణికేది. నాన్న జెండా చాచి పట్టుకునేవాడు, నిటారుగా, జీతమిచ్చినవాడి మీద భక్తితో. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఎల్లు, ఎల్లు! కొండకి కొండ మింగీసి బొజ్జూపుకుంటా ఎల్తన్నావా? ఈ ఊరోళ్ళకేటి మిగిల్చినావే? ఈళ్ళ ఏరు ఎర్రగా సేసీసినావు, ఈళ్ళ గొడ్డు నీల్లు ముట్టట్నేదు, సిగ్గునేదా నీకు?" అని తిట్టేవాడు, మెడనరాలు ఉబ్బేలా. చేతిలో పచ్చజెండా, నోట్లో తిట్టు. అది ఇంబోంగి కాక మరేంటి? ఈ మాట తట్టడానికి తనకి విశాఖపట్నం పోయి పేవ్‌మెంటు మీద పుస్తకం కొనాల్సొచ్చింది, ఛీ. అయితే ఏం లాభం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ తిట్టు ఒక్క డ్రైవరుకి వినపడలేదు. ఆ రొదలో పక్కనే ఉన్న తనకే పెదాలు కదలడం కనపడేది గానీ మాట సగమే అందేది. డ్రైవర్లు జెండా చూసి చెయ్యూపి పోయేవారు. చివరికి ఊపిరితిత్తులు అట్టకట్టి రైల్వే ఆస్పత్రిలో పడుకున్నప్పుడు కూడా దూరంగా కూత వినపడితే చెయ్యి దానంతటదే పైకి లేచేది, జెండా లేకుండానే.

ఒక బండి పోయింది, ఖాళీది, కొండవైపుకి. డబ్బాలు లెక్కపెట్టింది, చిన్నప్పటి జబ్బు. యాభై ఎనిమిది. సిగ్నలు మారలేదు. నాలుగూ నలభై. ఇదిగో ఇప్పుడు కదులుతుంది, ఇదిగో. ఏం కదలదు. 

గవర్రాజు గారిని తిట్టుకుందామంటే అదీ కుదరదు, మంచివాడు. గనిలో ఫోర్‌మన్, తెలుగు సంఘం సెక్రటరీ, వినాయకచవితికి పందిరి దగ్గర్నుంచి చావుకి పాడె దాకా అన్నిటికీ ముందుండే మనిషి. ఇన్నేళ్ళకి మనోడు గనికి జీఎం అయ్యాడు, విజయనగరం వైపు మనిషి, సంఘం పాతికేళ్ళ పండక్కి పిలిచి సన్మానం చేద్దాం, సన్మానపత్రం మీరే రాయాలి టీచరు గారూ అని వచ్చాడు. సన్మానపత్రం అంటే తనకి ఒళ్ళు మంట, ఓ మహాశయా, ఓ కరుణామయా అంటూ మాటల్లో పంచదార పొయ్యడం, ఫ్రేము కట్టి శాలువాతో కలిపి చేతిలో పెట్టడం. రాయనంటే పోయేది. కానీ బుర్రలో మెరిసింది, ఆఫ్రికాలో రాజుని స్తుతించే పద్యం ఒకటుందండీ, అది తెలుగులో చదువుతాను అంది. స్తుతి అన్న ముక్క వినగానే ఆయన మొహం చాటంత అయ్యింది. తన తెలివికి తనే మురిసిపోయింది, ఆ మురిపెం ఎన్నాళ్ళు? వారంలో కాగితం పట్టుకుని ఎర్రపెన్నుతో వచ్చాడు. మొదటి పద్నాలుగు పంక్తులూ అద్భుతం అన్నాడు. కొండమీది ఆంబోతు, వంద ఊళ్ళ మంద నీ నీడలో, అబ్బ, సారు కోసమే రాసినట్టుందండీ. తర్వాతవే... సోఫా అంచున కూర్చుని, నొచ్చుకుంటూ, నిజంగా నొచ్చుకుంటూనే, "ఇవి ఆళ్ళ రాజు సంగతి కదండీ, మన సారుకెందుకు? శుభమా అని పిలిసి ఇదేటండి?" అని మెల్లిగా గీత పెట్టాడు. పదకొండు గీతలు. పక్కగదిలో అమ్మ దగ్గుతోంది. కంపెనీ బడిలో తన కాంట్రాక్టు ఏప్రిల్ నెలాఖరుకి అయిపోతుంది, ప్రతి ఏడూ మళ్ళీ రాయాలి, కింద సంతకం జీఎం గారిది. అది బడి ఉద్యోగమే కాదు, ఈ క్వార్టరూ, అమ్మకి కంపెనీ ఆస్పత్రి మందులూ కూడా. ఆ మాట గవర్రాజు గారు ఎత్తలేదు, ఎత్తనక్కర్లేదు. తను అంది, "మీ ఇష్టమండీ" అని. మీ ఇష్టం! తూ. భయానికి అన్నానని సర్దుకుందామంటే అదొక్కటే కూడా కాదు. శాలువా కప్పుతారని, కరపత్రంలో కవయిత్రి దేవుడమ్మ అని వేస్తారని లోపల్లోపల ఎక్కడో గుండె పొంగింది. జీతానికి కుదిరిన ఇంబోంగికి కూడా అలాగే పొంగి ఉంటుంది, కొత్త తోలు కప్పినప్పుడు. ఇప్పుడు మాత్రం రెండు కాగితాలూ ఎందుకు మోసుకెళ్తున్నట్టు? స్టేజీ ఎక్కాక ఏది తీస్తుంది? ఆ సంగతి తనకే తెలిసి చావడం లేదు. బండి ఇలాగే రాత్రిదాకా ఆగిపోతే బాగుండునని కూడా ఉంది, నిజం చెప్పాలంటే. ఆ నిజానికి ఇంకా మండింది. 

పెదాలు కదుపుతున్నట్టుంది, ఎదర కింద కూర్చున్నామె నవ్వింది. గంపంచుకి వీపానించి కూర్చున్న గోండు మనిషి, యాభై ఉంటాయేమో, చెవి నిండా పోగులు, గంపలో ఉప్పు, ఎండుచేపలు, కొత్త ప్లాస్టిక్ బిందె. ఇప్పపువ్వు అమ్ముకుని సంత నుంచి వెళ్తోందట, పేరు గంగే, ఊరు కొండకింద, టౌన్‌షిప్పుకి ఇవతల. అవన్నీ ఎక్కగానే చెప్పేసింది, ఇక్కడి సంతల్లో అందరూ మాట్లాడే హల్బీలో. 

"ఏంటి బాయీ, గొణుక్కుంటున్నావు? మంత్రమా?"

"మంత్రం కాదు అక్కా, పాట. చాలా దూరదేశం వాళ్ళది. రాజుని పొగిడే పాట."

"అయితే వినిపించు. ఇది ఎలాగూ కదలదు."

కాదనడమెందుకని తెల్లకాగితం తీసింది. చూస్తూ హల్బీలోకి చెప్పుకుపోయింది, తెలుగు కంటే హల్బీలోనే బాగా కుదురుతోందేమిటి ఇది, ఆంబోతూ కొండా మందా అన్నీ వాటి ఇళ్ళకి అవి వెళ్ళినట్టు. గంగే తల ఊపింది, వంద ఊళ్ళ మంద దగ్గర హో అంది. పద్నాలుగో పంక్తి అయిపోయింది. దేవుడమ్మ కాగితం మడిచింది. గంగే ఇంకా చూస్తూనే ఉంది. 

"తర్వాత?"

"అంతే."

"అంతే ఏంటి? పెట్టడం అయ్యింది, అడగడం ఏదీ?"

గంగే ఏమీ తెలియని పిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మేమూ మా దేవుణ్ణి పొగుడుతాం, కోడినిస్తాం, సారా పోస్తాం, ఎందుకూ, తర్వాత అడగడానికే కదా. పిల్లకి జ్వరం ఎందుకొచ్చింది, వాన ఎందుకాపావు అని. జవాబు సరిగా లేకపోతే జాతరకి మోసుకెళ్ళి పెద్దల ముందు నిలబెడతాం. పోయినేడు మా ఊరి దేవుణ్ణి అలాగే నిలబెట్టాం. వాగు ఎర్రగా పారుతోంది, పొలంలో ఎర్రబురద మేట వేసింది, ఆవు ఈనట్లేదు, ఇంత తిని నువ్వు చేసిన కాపలా ఏంటని అడిగాం. చెప్పలేకపోయాడు. మూడేళ్ళు గుడి బయట ఉండమన్నారు. ఉంటున్నాడు పాపం, చెట్టుకింద, తడుస్తూ. 

"దేవుడే నిలబడ్డాడు," అంది గంగే, "మీ రాజుకేం వచ్చింది రోగం?"

"ఉంది అక్కా. పాటలో అడగడం ఉంది. కోసేశారు."

"ఎవరు?"

గవర్రాజు గారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే," అంది. గంగే బిందె లోపల చెయ్యిపెట్టి ధూళి తుడుచుకుంటూ కూర్చుంది. 

ఫోను మోగింది. ఐదూ పది. మాట తలుపు దగ్గర తప్ప సరిగా అందదు, సంచిలోంచి గీతల కాగితం కూడా లాక్కుని లేచి పరిగెత్తింది, ఎందుకు లాక్కుందో. 

"టీచరు గారూ! ఎక్కడండీ బాబూ? సారు ముందే వొచ్చీసారు, ఆరింటికి ఇంకేదో మీటింగంట, ఇంక ఆగలేక మొదలెట్టీసాం. మీ పద్యం మా మేనకోడలు సదివీసిందండీ, అబ్బ, ఏటి సప్పట్లనుకున్నారు! ఫ్రేము సేతికిచ్చీసాం. సారుకి ఎంత నచ్చీసిందంటే, గని గేటు కాడ రాయి మీద సెక్కిస్తారంట, తెలుగూ హిందీ రెండూ. కింద మీ పేరు!"

రాయి మీద. పద్నాలుగు పంక్తులు, కింద తన పేరు. రోజూ బడికి ఆ గేటు ముందునుంచే పోవాలి. ఆ గేటులోంచే లారీలు పోతాయి, గంగే ఊరి వాగు పక్కనుంచి. తను పోయాక కూడా ఉంటుంది ఆ రాయి. పొగడ్త ఒక్కటే, కొండంత సగం అబద్ధం, దేవుడమ్మ అని సంతకంతో. తలుపు కడ్డీ పట్టుకుంది. ఏడుపు కాదు, మంట, తనమీద తనకి. 

"ఇనండి, సారు మీ గొంతు ఇంటారంట. ఫోను మైకు కాడ పెడతన్నాను, రెండు ముక్కలు థాంక్సు సెప్పీండి." 

గరగరమంటూ ఏదో చప్పుడు, దూరంగా మనుషుల గుసగుసలు, హాలు. కాంట్రాక్టు. అమ్మ దగ్గు. క్వార్టరు గోడమీద తను వేసుకున్న నీలం సున్నం. కాగితం విప్పింది. పదిహేనో పంక్తి దగ్గర వేలు పెట్టింది, ఆదివారం బడిలో పెట్టినట్టు. నోరు తెరిచింది. 

కూత. మలుపు తిరిగి మూడు ఇంజన్లు, వెనక నిండు బండి, ఎదటి లైను మీద మీదకొచ్చేసినట్టు వచ్చింది. దేవుడమ్మ ఆగలేదు, ఆగితే ఇక జన్మలో చదవలేనని తెలుసు, అరిచింది. పదకొండు పంక్తులూ అరిచింది, మెడనరాలు ఉబ్బేలా, పంక్తి పంక్తికీ గొంతు చీరుకుపోయేలా. తన మాట తనకే వినపడలేదు. ఎర్రదుమ్ము నోట్లో పడింది. డబ్బా వెనక డబ్బా, డబ్బా వెనక డబ్బా, కొండని మోసుకుంటూ తాపీగా పోతున్నాయి. చివరి పంక్తి అయ్యేసరికి ఇంకా ఇరవై డబ్బాలున్నాయి. ఫోను చెవికి అదుముకుంది. సన్నగా ఏదో చినుకుల్లాంటి చప్పుడు. చప్పట్లు. 

"సూపరండీ!" అంటున్నాడు గవర్రాజు గారు. "బండి సప్పుడు తప్ప ఏటీ ఇనపడనేదు గానీ, సారే ముందర కొట్టీసారు, అందరూ కొట్టీసారు!"

నాన్నా, ముప్ఫై ఒక్క ఏళ్ళు. వీళ్ళు జెండా చూసి చెయ్యూపుతున్నారు. నవ్వొచ్చింది, ఒళ్ళు మండేంత నవ్వు. యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది. ఆఖరి పెట్టెలో గార్డు పచ్చజెండా ఊపుకుంటూ పోయాడు. దుమ్ము అడవి మీదకి వాలింది. పట్టాలు కాసేపు సన్నగా పాడి ఊరుకున్నాయి. ఇంత నిశ్శబ్దం ఈ లైన్లో ఎప్పుడుందో తనకి గుర్తులేదు. వెనక గంగే లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది, తెలియని తెలుగులో జరుగుతున్నది కూడా బాగా తెలిసినట్టు. 

"గవర్రాజు గారూ, మైకు తియ్యకండి. ఇంకా అవలేదు."

"కానీండి కానీండి, ఒక్క నిముషం."

ఈసారి అరవలేదు. నాన్న అన్నం తింటూ మాట్లాడేటంత మామూలు గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా చదివింది. 

"రాజా, నీ మంద తాగే నీళ్ళు నువ్వు తాగుతావా?"

ఒక్క క్షణం ఆలస్యంగా అదే మాట ఫోనులోంచి వెనక్కి వచ్చింది, తన గొంతే, హాల్లో స్పీకర్లలోంచి, పెద్దగా, గోడలకి తగిలి. నువ్వు తాగుతావా. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. దేవుడమ్మ పదహారో పంక్తి మీదకి వేలు జరిపింది. ఈసారి అవతల ఎవరూ చప్పట్లు కొట్టలేదు.